ఆరడుగుల ట్యాంకులో నీడ మొక్కలు: ఎల్‌ఈడీ ఎంత, ఏది, ఎన్ని గంటలు

ముందు మీ ప్రశ్నను ఒకసారి చెప్పుకుందాం. కర్నూల్లో మీ ఇంటి హాల్లో 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ట్యాంకు పెడుతున్నారు. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ జోలికి వెళ్ళరు. అనుబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకొరైన్, వెనకవైపు వాలిస్నేరియా, ఈ నీటి మొక్కలు వేస్తారు. చేపలు ఏంజెల్స్, రోజీ బార్బులు. షాపులో అడిగితే "గాలన్‌కు 2 వాట్లు ఉండాలి, మీ సైజుకు 50 వాట్ల ఫ్లడ్‌లైట్లు ఏడు పడతాయి" అన్నారు. అంత నిజంగా కావాలా, ఏ రంగు లైటు మంచిది, ఎండాకాలంలో నీళ్ళు వేడెక్కవా, రాత్రిపూట నీలం లైటు వేయాలా అని అడిగారు.

ఆ ఏడు ఫ్లడ్‌లైట్లు దయచేసి కొనకండి. మీరు చెప్పిన మొక్కలకు 60 నుంచి 80 వాట్ల ఎల్‌ఈడీ చాలు. నేను అనంతపురంలో ఉంటాను, మొక్కల ట్యాంకులు పెట్టడం ట్యూబ్‌లైట్ల కాలంలోనే మొదలుపెట్టాను. ఇన్నేళ్ళలో వెలుతురు చాలక అనుబియాస్ చచ్చిపోయిన ట్యాంకును నేను చూడలేదు. వెలుతురు ఎక్కువై, నాచు పట్టి, విసుగొచ్చి మొత్తం తీసేసిన ట్యాంకులు మాత్రం చాలా చూశాను.

గాలన్‌కు 2 వాట్లు అనే లెక్క షాపాయన కల్పించింది కాదు. పాత ఫ్లోరసెంట్ ట్యూబుల రోజుల్లో, 20, 30 గాలన్ల చిన్న ట్యాంకుల కోసం పుట్టిన లెక్క అది. మీ ట్యాంకు 24 ఘనపుటడుగులు, అంటే దాదాపు 680 లీటర్లు, 180 అమెరికన్ గాలన్లు. రెండుతో గుణిస్తే 360 వాట్లు వస్తుంది. ఆ రోజుల్లో కూడా పెద్ద ట్యాంకులకు ఈ లెక్క అవసరానికి మించే చూపేది. పైగా వాట్ అంటే లైటు తీసుకునే కరెంటు, అది ఇచ్చే వెలుతురు వేరు. అప్పటి ట్యూబు చుట్టూ వెలిగేది, అందులో పెద్ద భాగం పైకీ పక్కలకీ పోయేది. ఇప్పుడు ఇళ్ళలో వాడే మామూలు ఎల్‌ఈడీ బ్యాటెన్ (ట్యూబ్‌లైట్ లాంటి పొడుగాటి లైటు) వాట్‌కు సుమారు 100 ల్యూమెన్లు (వెలుతురును కొలిచే లెక్క) ఇస్తుంది, ఇచ్చేదంతా ముందుకే ఇస్తుంది. కాబట్టి ఆ పాత లెక్కను ఎల్‌ఈడీకి వాడకూడదు.

మరి ఎలా లెక్కేయాలి? నీళ్ళ లీటర్లను వదిలేసి అడుగున ఇసుక మీద ఎంత వెలుతురు పడాలో చూడండి. మొక్క ఉండేది అక్కడే కదా. నీడ మొక్కలకు ఇసుక దగ్గర 1,500 నుంచి 2,000 లక్స్ ఉంటే హాయిగా బతుకుతాయి. ఒక చదరపు మీటరు మీద ఎన్ని ల్యూమెన్లు పడుతున్నాయో చెప్పేదే లక్స్. మీ ట్యాంకు అడుగుభాగం 12 చదరపుటడుగులు, అంటే 1.1 చదరపు మీటరు. 1,800 లక్స్ కావాలంటే అడుగుకు సుమారు 2,000 ల్యూమెన్లు చేరాలి. లైటు దగ్గర బయల్దేరిన వెలుతురులో కొంత అద్దం మూత దగ్గర, కొంత నీటి పైభాగం దగ్గర పోతుంది. కొంత పక్క అద్దాల్లోంచి హాల్లోకి వచ్చేస్తుంది, కొంత పొడుగు ఆకుల మీదే ఆగిపోతుంది. మూడో వంతు కిందికి చేరుతుందని నేను లెక్క పెట్టుకుంటాను. అంటే పైన 6,000 ల్యూమెన్లు ఉండాలి. బ్యాటెన్ల లెక్కన 60 వాట్లు. వాలిస్నేరియా కాస్త ఎక్కువ అడుగుతుంది కాబట్టి, అవసరమైతే వేసుకోడానికి మరో 20 వాట్లు. నా 60 నుంచి 80 అక్కడి నుంచి వచ్చింది.

వీడియోల్లో 'పార్' అనే మాట పదేపదే వినిపిస్తుంది. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న, ఆకు ఆహారం చేసుకోడానికి పనికొచ్చే వెలుతురును కొలిచే లెక్క అది. నీడ మొక్కలకు అడుగున 15 నుంచి 30 పార్ చాలు. మధ్యరకం మొక్కలకు 30 నుంచి 50. అంతకు మించి వేస్తే కార్బన్ డయాక్సైడ్ కూడా ఇవ్వాల్సి వస్తుంది. పార్ మీటరు ఖరీదైనది, ఒక్క ట్యాంకు కోసం కొనడం అనవసరం. తెల్ల ఎల్‌ఈడీ అయితే లక్స్‌ను 70తో భాగించండి, దాదాపుగా పార్ వస్తుంది. 1,800 లక్స్ అంటే 25 పైచిలుకు. రంగురంగుల లైట్లకు ఈ భాగహారం కుదరదు, తెల్లవాటికే.

లక్స్ కొలవడానికి ఫోన్ చాలు. లక్స్ మీటర్ యాప్ ఏదైనా ఉచితంగా దొరుకుతుంది. నీళ్ళు పోయకముందే, ఖాళీ ట్యాంకులో ఇసుక పరిచి, లైటు వెలిగించి, ఫోన్‌ను వెల్లకిలా ఇసుక మీద పెట్టండి. వెలుతురు పసిగట్టే సెన్సర్ సెల్ఫీ కెమెరా పక్కనే ఉంటుంది, మీ చేతి నీడ దాని మీద పడకూడదు. ఎడమ, మధ్య, కుడి. ప్రతిచోటా ముందూ వెనకా. మొత్తం ఆరు అంకెలు కాగితం మీద రాసుకోండి. ఫోన్‌కూ ఫోన్‌కూ అంకెలో తేడా వస్తుంది కాబట్టి ఒక్క అంకెను పట్టుకుని కంగారు పడొద్దు. ఆరింటి మధ్య తేడా ఎంత ఉందో చూడండి, అసలు విషయం అందులోనే తెలుస్తుంది.

ఎందుకంటే నేను దెబ్బతిన్నది సరిగ్గా అక్కడే. చాలా ఏళ్ళ కిందట నా ఐదడుగుల ట్యాంకుకు రెండు 50 వాట్ల ఫ్లడ్‌లైట్లు కట్టాను. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉండేది. మూడో వారానికి అనుబియాస్ ఆకుల మీద ఆవగింజంత పచ్చ చుక్కలు మొదలయ్యాయి. గోటితో గీకితే రాలేదు. పాత ఏటీఎం కార్డు అంచుతో గీకితే చుక్కతో పాటు ఆకు పైపొర కూడా లేచింది. ఆ తర్వాత ఆకు అంచుల చుట్టూ జూలు లాంటి నల్లటి నాచు, కంటి రెప్పల్లాగా, నీటి ప్రవాహంలో ఊగుతూ. అప్పుడు మొదటిసారి లక్స్ కొలిచాను. లైటు కింద 4,000 దాటింది, మూలల్లో 900. ఒకే ట్యాంకులో మధ్యలో మొక్కలు నాచుతో, మూలల్లో క్రిప్ట్‌లు (క్రిప్టోకొరైన్లు) వెలుతురు లేక అవస్థ పడుతున్నాయి. ఇంకో లైటు కొందామనుకున్నాను, అదృష్టవశాత్తూ కొనలేదు.

మన ప్రాంతంలో ఉన్నవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. వేరుశనగకు నేరుగా ఎండ కావాలి. తమలపాకు తీగను అదే ఎండలో పెడితే ఆకు మాడిపోతుంది, అందుకే రైతులు అవిసె చెట్లు పెంచి వాటి నీడలో తీగను పాకిస్తారు. అనుబియాస్ పశ్చిమాఫ్రికా అడవుల్లో చెట్ల నీడన పారే వాగుల ఒడ్డున పుట్టిన మొక్క. నెలకు ఒకటి రెండు ఆకులు వేస్తుంది, వేసిన ఆకును నెలల తరబడి మోస్తుంది. దాని మీద ఎండ లాంటి వెలుతురు పోస్తే అది వాడుకోలేదు. కార్బన్ డయాక్సైడ్ విడిగా ఇవ్వని ట్యాంకులో అయితే అసలే వాడుకోలేదు. మొక్క వాడుకోనిది నాచు వాడుకుంటుంది.

ఇక ఏం కొనాలి. ఖర్చు తక్కువలో, నా దృష్టిలో మీకు అన్నిటికన్నా సరిపోయేది ఇంటికి వాడే ఎల్‌ఈడీ బ్యాటెన్లే. నాలుగడుగులది 20 వాట్లు, రెండడుగులది 10 వాట్లు. డబ్బా మీద ల్యూమెన్లు ఎన్నో చదివి తీసుకోండి. నాలుగడుగుల దానికి 2,000 లేదా ఆ పైన ఉండాలి. కొన్నిటి మీద 20 వాట్లని పెద్దగా వేసి ల్యూమెన్లు అసలు వేయరు, అవి వద్దు. ఒక వరుసలో నాలుగడుగులది ఒకటి, రెండడుగులది ఒకటి కలిపితే ఆరడుగులు నిండుతుంది. అలాంటివి రెండు వరుసలు. ముందు వరుస ముందు అద్దానికి అర అడుగు లోపల, వెనక వరుస వెనక అద్దానికి అర అడుగు లోపల. ముందు వరుసలో పొడుగుది ఎడమవైపు పెడితే, వెనక వరుసలో కుడివైపు పెట్టండి. అప్పుడు రెండు అతుకులూ ఒకేచోట పడవు, మధ్యలో చీకటి చార రాదు. మూడో వరుసగా నాలుగడుగులది ఒకటి నడిమధ్యన, వేరే స్విచ్ మీద. మొదటి రెండు నెలలు ఆ మూడోదాన్ని ముట్టుకోకండి.

బ్యాటెన్ వెలుతురు 120 డిగ్రీల దాకా పరుచుకుంటుంది. మీ ట్యాంకు వెడల్పుకు అది బాగా పనికొస్తుంది. నీటి మీద ఆరు అంగుళాల ఎత్తులో పెడితే ముందు గాజు దగ్గరి మొక్కకూ వెనకనున్న వాలిస్నేరియాకూ దాదాపు సమానంగా అందుతుంది. అల్యూమినియం తలుపులు చేసేవాళ్ళ దగ్గర ఆరడుగుల సెక్షన్ కోయించి, దానికి బ్యాటెన్లు బిగించి, రెండు చివర్ల కాళ్ళు పెట్టించుకోండి. మూత లేపినప్పుడు మొత్తం పక్కకు జరిగేలా ఉంటే వారం వారం పని సులువవుతుంది.

మామూలు బ్యాటెన్‌కు ఉన్న లోపం తేమ. కొన్నాళ్ళకు చివర్ల పిన్నులు తుప్పు పడతాయి. కాబట్టి అద్దం మూత తప్పనిసరి. కుదిరితే బయట వరండాల్లో, సర్వీసింగ్ షెడ్లలో వాడే నీళ్ళు చొరబడని బ్యాటెన్లు తీసుకోండి, డబ్బా మీద ఐపీ 65 అని ఉంటుంది. ధర కొంచెం ఎక్కువైనా ఏళ్ళ తరబడి వస్తాయి.

అక్వేరియం కోసమే చేసిన ఎల్‌ఈడీ బార్లు వేరే సంగతి. వాటిలో తెలుపుతో పాటు ఎరుపు, పచ్చ, నీలం చిప్‌లు ఉంటాయి. చేపల రంగు వాటి కింద మెరిసినట్టు బ్యాటెన్ల కింద మెరవదు, ఆ మాట ఒప్పుకోవాలి. వెలుతురు తగ్గించుకునే డిమ్మర్ కూడా వస్తుంది. చేతిలో డబ్బుంటే, మూడడుగుల బార్లు రెండు పక్కపక్కన పెట్టి, సగం కన్నా తక్కువ వెలుతురులో నడపండి. కొనేముందు ఒకటి గమనించండి. "ఆరడుగుల ట్యాంకు దాకా సరిపోతుంది" అని రాసున్న లైట్లలో చాలావాటికి సాగేది కాళ్ళు మాత్రమే, వెలిగే భాగం నాలుగడుగులే ఉంటుంది. రెండు చివర్లా అడుగు చొప్పున చీకటి మిగులుతుంది. వెలిగే భాగం పొడవు ఎంతో అడిగి, టేపు పెట్టి చూసుకోండి.

గులాబీ రంగు గ్రో లైట్లు వద్దు. మొక్క పెరుగుతుంది, కానీ ట్యాంకు మొహం చూడలేరు. చేపల రంగులన్నీ చచ్చిపోతాయి. చుట్టలుగా దొరికే స్ట్రిప్ లైట్లు కూడా ఇంత పెద్ద ట్యాంకుకు నమ్మకం లేదు. వాటి పైనుండే మెత్తటి పూత వేడికి పసుపెక్కుతుంది.

రంగు గురించి ఎక్కువ టెన్షన్ పడకండి. కెల్విన్ అనేది లైటు తెలుపు ఏ ఛాయో చెప్పే అంకె. 6500 కెల్విన్ అంటే కూల్ డేలైట్, ఇళ్ళలో ఎక్కువమంది వాడేదే. మొక్కకు అది చాలు. 4000 కెల్విన్ అయినా పెరుగుతాయి, కాకపోతే నీళ్ళు కాస్త పసుపుగా కనిపిస్తాయి. 10,000 దాటినవి, సముద్రపు ట్యాంకుల కోసం చేసిన నీలం లైట్లు మీకు అక్కర్లేదు. నేను రెండు వరుసలు 6500, మధ్య వరుస 4000 వాడతాను, ట్యాంకులో పెట్టే చెక్క మొద్దుల గోధుమరంగు, ఆకుల పచ్చదనం నిండుగా కనిపిస్తాయి. సీఆర్‌ఐ అని ఇంకో అంకె ఉంటుంది, రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పేది. 80 ఉంటే సరే, 90 దొరికితే వదలొద్దు.

తెల్ల ఎల్‌ఈడీలో మొక్కకు కావాల్సిన ఎరుపు ఉండదని కొందరు భయపెడతారు. తెల్ల ఎల్‌ఈడీ అంటే లోపల నీలం చిప్, దాని మీద పసుపు ఫాస్ఫర్ పూత. నీలం వెలుతురులో కొంత ఆ పూతను తాకి పచ్చ, పసుపు, ఎరుపులుగా మారి బయటికొస్తుంది. నీడ మొక్కలకు ఆ ఎరుపు ధారాళంగా సరిపోతుంది. ఆ నీలం ఎల్‌ఈడీని సాధించినందుకే 2014లో ముగ్గురు శాస్త్రవేత్తలకు భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది, అందులో ఒకరు హిరోషి అమానో. మన మొక్కల ట్యాంకుల అభిరుచికి దారి చూపించిన జపాన్ ఫోటోగ్రాఫర్ పేరు తకాషి అమానో. ఇద్దరూ వేరు. కానీ ఒక అమానో ట్యాంకులో అడవిని చూపించడం, ఇంకో అమానో దాన్ని తక్కువ కరెంటుతో వెలిగించే దీపం ఇవ్వడం నాకు తలుచుకున్నప్పుడల్లా సంతోషంగా ఉంటుంది.

ఇప్పుడు మన జిల్లాల ప్రత్యేక సమస్య, దీని గురించి బయటి ఊళ్ళ వీడియోల్లో పెద్దగా వినరు. మా అనంతపురంలో బోరు నీళ్ళు బాగా ఉప్పు. బకెట్ అంచున తెల్లగా పేరుకునే గారే మీ అద్దం మూత కింది వైపూ పేరుకుంటుంది. నీటి బుడగలు చిట్లి పడ్డ ప్రతి చుక్కా ఆరి ఒక తెల్ల మచ్చ వదులుతుంది. మెల్లమెల్లగా వస్తుంది కాబట్టి కంటికి తెలీదు. ఒకసారి నా వాలిస్నేరియా పలచబడుతుంటే లైటు పాతబడిందనుకున్నాను. మూత దగ్గర లక్స్ ఎంత పడిపోతోందో చూద్దామని, ఫోన్‌ను ముందు మూత మీద, తర్వాత మూత కింద పెట్టి చూశాను. పైనున్నదాంట్లో మూడో వంతు ఆ గార దగ్గరే ఆగిపోతోంది. నిమ్మచెక్కతో రుద్ది, పావుగంట ఆగి, స్పాంజితో తుడిస్తే పోయింది. కొత్త లైటు ఖర్చు నిమ్మకాయతో తీరింది. మీకు తుంగభద్ర నీళ్ళు వస్తుంటే గార తక్కువే ఉండొచ్చు, కానీ వానాకాలంలో వచ్చే ఎర్రనీళ్ళను తేరనిచ్చి పోయండి. మడ్డి నీళ్ళలో వెలుతురు కిందికి దిగదు. మొద్దుల నుంచి దిగే టీ రంగు కూడా అంతే. అది చేపలకు మంచిదే, అయితే అడుగున లక్స్ తగ్గుతుందని లెక్కలో పెట్టుకోండి.

కడప బండ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. నల్లగా నునుపుగా బాగుంటుందని ముక్కలు ట్యాంకులో వేస్తుంటారు. కడప బండ, బేతంచెర్ల నాపరాయి రెండూ సున్నపురాయి జాతివే. నీళ్ళలో మెల్లగా కరిగి కాఠిన్యం పెంచుతాయి, మళ్ళీ మూత మీద అదే గార. ట్యాంకు కింద స్టాండ్‌కు వేయించండి, లోపల వద్దు. లోపలికి గ్రానైట్ ముక్కలు వాడండి. స్టాండ్ మాట వచ్చింది కాబట్టి: నీళ్ళే 680 కిలోలు, గాజు, ఇసుక, రాళ్ళు కలిపితే 900 దాకా పోతుంది. మేడమీద హాలైతే గోడ పక్కన, బీమ్ మీదుగా పెట్టండి.

ఎండాకాలం విషయంలో మీ భయం న్యాయమైనదే. మేలో కర్నూలు 40 దాటితే హాల్లో నీళ్ళు 32, 33 డిగ్రీలకు పోతాయి. లైటు నుంచి నీళ్ళలోకి దిగిన వెలుతురంతా చివరికి వేడిగానే మారుతుంది. 350 వాట్లు పెట్టకూడదనడానికి ఇది ఇంకో కారణం. 60 వాట్లు అయితే, అందులోనూ బ్యాటెన్లు నీటికి ఆరంగుళాలు పైన ఉంటే, పెద్ద తేడా రాదు. వేడి నీళ్ళలో మొక్క శ్వాస వేగం పెరిగి, తాను దాచుకున్న ఆహారాన్నే ఎక్కువ ఖర్చు చేసుకుంటుంది. క్రిప్ట్‌లు అప్పుడు కూడా ఆకులు కరిగించుకుంటాయి. అది చూసి లైటు పెంచితే నాచు వస్తుంది. నీళ్ళు చల్లబరచండి. మన దగ్గర ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది, అది ట్యాంకుకు వరమే. మూత ఒకవైపు తెరిచి, చిన్న ఫ్యాన్ నీటి మీదికి ఏటవాలుగా పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. రోజూ నీళ్ళు తగ్గుతాయి. ఆవిరైంది నీళ్ళే, లవణాలన్నీ లోపలే ఉంటాయి కాబట్టి తగ్గినంత మేరకు ఆర్‌ఓ నీళ్ళు పోయండి.

లైటు ఎంత ముఖ్యమో ఎన్ని గంటలన్నదీ అంతే ముఖ్యం. మొదటి ఆరు వారాలు రోజుకు 6 గంటలు. నాచు లేకుండా కొత్త ఆకులు వస్తుంటే 7, తర్వాత 8. అంతకు మించి నేనెప్పుడూ పోలేదు. నేను ఉదయం 6 నుంచి 9 దాకా, సాయంత్రం 5 నుంచి 9 దాకా వేస్తాను, మధ్యలో మంటెండ గంటలు ఆపేస్తాను. ఆ విరామంలో చేపల శ్వాస వల్ల నీళ్ళలో కాస్త కార్బన్ డయాక్సైడ్ చేరుతుంది, సాయంత్రం మొక్కకు పనికొస్తుంది. ఇంట్లో అందరూ ట్యాంకు ముందు కూర్చునే సమయం కూడా అదే. హాల్లో కిటికీ ఎండ నేరుగా గాజు మీద పడితే మాత్రం ఈ లెక్కలన్నీ తారుమారవుతాయి, ముందు కర్టెన్ వేయండి.

చేత్తో స్విచ్ వేస్తానంటే నెల తిరక్కుండా గాడి తప్పుతుంది, టైమర్ పెట్టండి. తిరిగే డయల్ ఉండే టైమర్ కరెంటు పోతే ఆగిపోతుంది, వచ్చాక ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి నడుస్తుంది. కోతలు ఉండే రోజుల్లో వారానికి రెండు మూడు గంటలు వెనకబడి, రాత్రి పన్నెండుకు లైటు వెలుగుతుంటుంది. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరో, వైఫై ప్లగ్గో తీసుకోండి. ఇన్వర్టర్ మీద గాలి పంపు, ఫిల్టరు పెట్టండి, లైటు వద్దు. ఒక పూట వెలుతురు లేకపోతే మొక్కలకేం కాదు, గాలి లేకపోతే చేపలకు అవుతుంది.

కరెంటు జాగ్రత్త గురించి గట్టిగా చెప్తున్నాను. బ్యాటెన్లలో నడిచేది 230 వోల్టులు, కింద 680 లీటర్ల నీళ్ళు. ఆ ప్లగ్గులకు వెళ్ళే లైను మీద 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) ఎలక్ట్రీషియన్‌తో పెట్టించండి, ఎర్తింగ్ చూపించండి. ప్రతి వైరూ ప్లగ్గుకు ముందు కిందికి ఒక వంపు తిరిగి పైకి రావాలి. అప్పుడు వైరు వెంట జారిన నీటి చుక్క వంపు దగ్గర రాలిపోతుంది, ప్లగ్గులోకి పోదు. ఎక్స్‌టెన్షన్ బాక్స్‌ను ట్యాంకు కింద నేల మీద పెట్టకండి, పక్క గోడకు బిగించండి. నీళ్ళలో చెయ్యి పెట్టేముందు లైట్లు ప్లగ్గు దగ్గర తీసేయండి. పిల్లలున్న ఇల్లైతే 12 లేదా 24 వోల్టుల అడాప్టర్ మీద నడిచే అక్వేరియం బార్లకే డబ్బు ఎక్కువ పెట్టమంటాను.

అన్నీ పెట్టాక ఓపిక పట్టాలి. మొదటి నెలలో క్రిప్ట్ ఆకులు జావలా కరిగిపోతాయి, అది లైటు తప్పు కాదు, చోటు మారినందుకు. వేరు బతికే ఉంటుంది, పీకేయకండి. గాజు మీద గోధుమరంగు పొర వస్తుంది, కొత్త ట్యాంకులన్నిటికీ వచ్చి పోయేదే. అనుబియాస్, జావా ఫెర్న్‌ల దుంపకాండాన్ని ఇసుకలో పూడ్చొద్దు, కుళ్ళిపోతుంది. మొద్దుకో రాయికో దారంతో కట్టండి. పూడ్చి చంపుకుని లైటు చాలలేదనుకునేవాళ్ళు చాలామంది.

ఆకుల మీద పచ్చ చుక్కలు, దారాల్లాంటి నాచు కనిపిస్తే గంట తగ్గించండి. అప్పటికీ ఆగకపోతే ఒక వరుస ఆపండి, లేదా నీటి మీద తేలే అంతరతామర నాలుగైదు మొక్కలు పైన వదలండి. అది పరుచుకుని నీడనిస్తుంది, నీళ్ళలో మిగిలిన ఎరువునూ లాగేస్తుంది. మరీ కమ్మేయకుండా వారానికోసారి ఏరేయాలి. దీనికి భిన్నంగా, వాలిస్నేరియా కొత్త పిలకలు వేయడం మానేసి, ఆకులు దారాల్లా సన్నబడుతుంటే అప్పుడు మూడో వరుస స్విచ్ వేయండి. ఏ మార్పు చేసినా మూడు వారాలు ఆగి చూడండి. నెమ్మదిగా పెరిగే మొక్కలు అంతకన్నా ముందు ఏ జవాబూ చెప్పవు.

మిగిలింది రాత్రి నీలం లైటు. వద్దు. ఏంజెల్స్‌కు, బార్బులకు రాత్రి చీకటి కావాలి, మొక్కలకూ కావాలి. ఆ మసక నీలం మొక్క పెరగడానికి చాలకపోయినా నాచు కాస్తో కూస్తో వాడుకుంటుంది. లైటు టక్కున ఆరితే చేపలు బెదురుతున్నాయనిపిస్తే, టైమర్ ఆపే సమయానికి హాల్లో చిన్న బల్బు వెలుగుతూ ఉండనివ్వండి, మీరు పడుకునేటప్పుడు దాన్ని కూడా ఆపేయండి. ఇసుక పరిచాక ఆరు చోట్ల వచ్చిన లక్స్ అంకెలు రాసి పంపండి. వరుసలు ఎటు జరపాలో చూసి చెప్తాను.